వేంపల్లె రాళ్లు, గండికోట రాత్రి

మదరసాకు సెలవు శుక్రవారం, పిల్లల బడికి సెలవు ఆదివారం. నడుమ శనివారం అడ్డుగోడలా నిలుస్తుంది. అందువల్ల మావంటి ఇళ్లలో కుటుంబమంతా కలిసి రెండు రోజులు బయట గడపడం ఎన్నడో గాని కుదరదు. గత జనవరిలో ఆ శనివారానికి అనుమతి లభించింది. ఆలిమ్ కోర్సు పై తరగతుల విద్యార్థులు అయిదుగురు, మాతోపాటు బోధించే మరొక ఉస్తాద్ కుటుంబం, మా కుటుంబం, మొత్తం పదకొండు మందిమి ఫజ్ర్ నమాజ్ ముగించుకొని కడప నుండి బయలుదేరాము. ఒక కారు, అద్దెకు తీసుకున్న తూఫాన్ బండి ఒకటి. వాటిలో నాలుగు గుడారాలు, ఆరు నీళ్ల క్యాన్లు, రెండు దేగ్చీలు, ఇంటినుండి వండి తెచ్చిన ఖుష్కా, దాల్చా. శనివారం పగలు వేంపల్లె ప్రాంతపు పురాతన శిలలను చూడాలని, రాత్రి గండికోటలో బండ్ల పక్కనే గుడారాలు వేసుకోవాలని, తెల్లవారిన తరువాత పెన్నా లోయలోకి దిగి ఎక్కాలని మా సంకల్పం.

భూమిలో సంచరించి, సృష్టి ఎలా ఆరంభమయిందో చూడమన్న ఆజ్ఞ దివ్య ఖుర్ఆన్‌లోని అన్కబూత్ సూరా 20వ ఆయత్‌లో ఉంది. తఫ్సీర్ తరగతిలో ఏటా ఈ ఆయత్ వద్దకు చేరుకుంటాము. 'సీరూ' అన్నది ఆజ్ఞార్థక క్రియ అని విద్యార్థులు చటుక్కున చెబుతారు. ఆ ఆజ్ఞను ఒకసారి కాళ్లతో కూడా పఠించాలన్నది ఈ ప్రయాణానికి ఒక కారణం.

రెండవ కారణం, ఆ అయిదుగురిలో ఒకడైన పదిహేడేళ్ల విద్యార్థి. ఈద్ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు, ఇంటర్మీడియట్ చదివే బాల్యమిత్రుడు అతణ్ణి నలుగురిలో ఎగతాళి చేశాడట. "మీ మదరసాలో భూమి పుట్టి ఏడువేల ఏళ్లని చెబుతారు కదా?" అని. కుర్రవాడు బదులు చెప్పలేక తిరిగి వచ్చాడు. ఆ తరువాత నెలరోజులపాటు పాఠంలో మనసు నిలపలేదు. చివరకొకనాడు అసర్ తరువాత మా వద్దకు వచ్చి, "హజ్రత్, నిజం ఏది?" అని అడిగాడు. ఇలాంటి ప్రశ్నను గద్దించి పంపివేస్తే అది పోదు, లోపలికి దిగి కూర్చుంటుంది. సమాధానం గ్రంథాలలోనూ ఉంది, రాళ్లలోనూ ఉంది. రెండింటినీ ఒకేచోట చూపించాలని మాకు అనిపించింది.

బయలుదేరగానే విద్యార్థుల్లో మొదలైన చర్చ ఖస్ర్ గురించి. కడప నుండి గండికోటకు ఎర్రగుంట్ల మీదుగా పోయే దగ్గరి దారి, హనఫీ ఫిఖహ్‌లోని 48 మైళ్ల సఫర్ దూరానికి అటూ ఇటూగా ఉంటుంది. మేము వెళ్లినది వేంపల్లె, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగుల మీదుగా చుట్టుదారి. ఒకే గమ్యానికి రెండు దారులుంటే, మనిషి నిజంగా నడిచిన దారినిబట్టే తీర్పు ఉంటుందని ఫుఖహాలు స్పష్టంగా రాశారు. కనుక ఊరు దాటినప్పటినుండి మేము ముసాఫిర్లమే. పుస్తకంలో ఊహాచిత్రంగా చదివిన మస్అలా కళ్లముందు రోడ్డుగా పరచుకోవడం చూసి పిల్లలు ముచ్చటపడ్డారు.

కడప పేరు ప్రపంచంలోని భూగర్భశాస్త్రజ్ఞులందరికీ తెలుసునన్న సంగతి మన కడపవాసుల్లో చాలామందికి తెలియదు. నెలవంక ఆకారంలో, సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్న పురాతన శిలాప్రాంతాన్ని వారు కడప హరివాణం అంటారు. అక్కడి రాతిపొరలకు పెట్టిన పేర్లు మన ఊళ్ల పేర్లే. గులచెరు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, నార్జి. విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లోనే ఈ కడప, కర్నూలు శిలలపై పెద్ద గ్రంథం వెలువరించాడు. మన వంటింటి గట్టుమీద పరచుకునే నల్లటి కడప బండ కూడా ఒకనాటి సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురదే. గృహిణులు దానిమీద చపాతీలు ఒత్తుతూ ఉంటారు గాని, అది ఎంతటి వృద్ధశిలో ఎవరు తలుస్తారు?

వేంపల్లె దాటిన తరువాత, రోడ్డు పక్కన చిన్న గుట్ట వద్ద బండ్లు ఆపాము. నీలం కలిసిన బూడిదరంగు రాయి. పైభాగం ఎండకు, వానకు తిని ఏనుగు తోలులా గరుకుగా ముడుతలు పడి ఉంది. దానిని డోలమైట్ అంటారు. నడుమ నడుమ నల్లని చెకుముకిరాతి పట్టీలు. సుత్తి తేవద్దని ముందే కట్టడి చేశాము. చూపులతో వెతకాలి, వేళ్లతో తడమాలి, అంతవరకే. అరగంటసేపు ఎవరికీ ఏదీ కనబడలేదు. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే రాతి గీతలు తేలి కనిపిస్తాయి, నడినెత్తికి వస్తే మాయమవుతాయి. పెద్దలు నిలబడి తల వంచి చూస్తున్నారు. మా మిత్రుని పదేళ్ల కుమార్తె మాత్రం మోకాళ్లమీద కూర్చొని చూస్తున్నది. అందుకే మొదట దొరికినది ఆమెకే. "అబ్బా! ఇక్కడ ఎవరో ఎర్రగడ్డ కోసిపెట్టారు!" అని కేక పెట్టింది.

నిజంగానే అడ్డంగా కోసిన ఎర్రగడ్డలా ఉంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన పలుచని వలయాలు. ఒకటి కనబడిన తరువాత కన్ను అలవాటు పడింది. అరచేయంతవి, పళ్లెమంతవి, ఒకదానికొకటి ఆనుకొని గుట్టంతా అవే. పక్కనుండి చూస్తే బోర్లించిన గిన్నెల దొంతరలా ఒకదానిపై ఒకటి ఉబ్బెత్తు పొరలు. శాస్త్రజ్ఞులు వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. ఎముకల శిలాజం, ఆకు శిలాజం మనం ఎరుగుదుము. ఇది జంతువుదీ కాదు, చెట్టుదీ కాదు. కంటికి కనిపించని సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు లోతులేని సముద్రజలంలో జిగురు చాపలా పరచుకుంటాయి. నీటిలో కొట్టుకువచ్చే సన్నని సున్నపు రేణువులు ఆ జిగురుకు అంటుకుంటాయి. తమపై మట్టి కమ్మగానే ఆ జీవులు వెలుతురు కోసం పైకి పాకి కొత్త చాప పరుస్తాయి. మళ్లీ మట్టి, మళ్లీ చాప. ఏడాదికి మిల్లీమీటరులో కొద్దిభాగమే పెరుగుదల. ఇలాంటివి నేటికీ సజీవంగా పెరుగుతున్న స్థలాలు లోకంలో కొద్దిగా ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే వాటిలో ప్రసిద్ధమైనది.

ఈ జీవులు సూర్యకాంతితో ఆహారం చేసుకుంటూ ప్రాణవాయువును విడిచాయి. మనం పీల్చే గాలిలో ఆ వాయువు చేరడానికి మొదటి కారకులు ఇవే. ప్రతి వస్తువూ సృష్టికర్తను స్తుతిస్తున్నదని, ఆ స్తుతి మనకు అర్థం కాదని ఇస్రా సూరా 44వ ఆయత్ తెలుపుతున్నది. అక్కడ నిలబడినప్పుడు ఆ మాట గుర్తుకు రాని విశ్వాసి ఉండడు.

ఇంతలో గొర్రెలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. టోపీలు, గడ్డాలు, బురఖాలు, నేలమీద మోకరిల్లి రాళ్లు తడుముతున్న పిల్లలు. ఆయనకు అనుమానం రావడంలో వింత లేదు. మన సీమలో గుప్తనిధుల కోసం గుట్టలు, గుళ్లు తవ్వేవారి బెడద తెలిసిందే.

"ఏంది సాబూ, గుట్టలో ఏమి ఎతుకుతాండారు? నిధికి వచ్చినోళ్లు కాదు గదా?"

"నిధి కాదన్నా. పాతకాలపు రాళ్లు చూడను వచ్చినాము. చూసి పోతాము."

"రాయి చూడనీకి ఇంతమందా?"

నిధి దొరికితే అందులో అయిదవ వంతు చెల్లించాలన్న రికాజ్ అధ్యాయాన్ని ఒక విద్యార్థి మెల్లగా పక్కవాడి చెవిలో ఊదాడు. ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు పెద్దాయన అనుమానాన్ని ఇంకాస్త పెంచింది. చివరకు మా మిత్రుని కుమార్తె ఆయన చేయి పట్టుకొని తీసుకుపోయి తన ఎర్రగడ్డను చూపింది. ఆయన వంగి చూసి, పెదవి విరిచాడు. "ఇవా? మా చేని గెనుము నిండా ఇవే. మడక్కు అడ్డం పడ్తాంటే ఏరి పారేసినాము. కావాలంటే బండి నిండా ఎత్తుకపోండి."

ఆ చేను ఆ పక్కనే ఉంది. గట్టంతా పేర్చినవి ఆ రాళ్లే. పిల్లలు అప్పటికే గుట్టమీది రాయి ఒక ముక్క మదరసాకు తీసుకుపోదామని పట్టుబడుతున్నారు. గుట్టమీద పొరలో ఉన్నది ఉన్నచోటనే ఉండాలి. ఒక ముక్క విరిచితే దాని కథ సగం పోతుంది, మన తరువాత వచ్చేవారికి దక్కేదీ పోతుంది. అది అమానత్. చేనిగట్టుపై రాయి మాట వేరు. అది విడిపోయిన రాయి, దానికి యజమాని ఉన్నాడు, ఆ యజమాని తన నోటితో ఇచ్చాడు. పిల్లలు రెండు పిడికిళ్ల పరిమాణంలో ఒకే ఒక రాయి ఎంచుకున్నారు. బదులుగా మా ఇంటివారు ఖుష్కా, దాల్చా ఒక డబ్బాలో పెట్టి ఇస్తే, ఆయన గొర్రెలను వదిలి గట్టుమీదనే కూర్చొని తిన్నాడు. వెళ్లేటప్పుడు, అవతలి వంకలో ఇంకా పెద్దవి ఉన్నాయని తానే దారి చూపాడు.

పులివెందులకు చేరేసరికి జొహర్ వేళ అయింది. అక్కడినుండి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరే ప్రయాణంలో చెప్పదగినంత విశేషం లేదు. సగంమంది నిద్రపోయారు.

గండి అంటే కొండ తెగిన చోటు. ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసిన చోట, ఆ కోత అంచునే కోట కట్టారు గనుక గండికోట. కొండ ఎక్కుదామని వచ్చినవారికి ఇక్కడ ఒక వింత ఎదురవుతుంది. రోడ్డు మనలను నేరుగా కొండ నెత్తిమీదికే తెచ్చి దింపుతుంది. ఇక్కడ నడక అంటే ముందు దిగడం, తరువాత ఎక్కడం.

గుడారాలు వేసే స్థలంపై యువకులకు, మాకు కొంత వాదన జరిగింది. వారికి లోయ అంచు కావాలి. కళ్లు తెరవగానే నది కనబడాలి. అంచున చాలాచోట్ల గోడ లేదు, కంచె లేదు, జారితే ఆపేదేదీ లేదు. పిట్టగోడ లేని డాబామీద రాత్రి పడుకున్నవాని బాధ్యత ఎవరిపైనా ఉండదన్న భావంగల హదీస్ అబూదావూద్‌లో ఉంది. ఆ ఒక్క హదీస్ వినిపించాక వాదన ముగిసింది. దారికి అడ్డంగా బస చేయరాదని, రాత్రివేళ అది జంతువులు తిరిగే తోవ అని సహీహ్ ముస్లింలో ఉన్న ఉపదేశం కూడా అక్కడ పనికివచ్చింది. గుడారాలు వేసుకోవడానికి వీలున్న చదునులో, అంచుకు బాగా దూరంగా, కాలిబాటకు ఎడంగా, రెండు బండ్లను గాలివైపు గోడలా నిలిపి, నడుమ స్త్రీలకు రెండు, పక్కగా పురుషులకు రెండు గుడారాలు వేశాము. నేల అంతా బండ, మేకు దిగదు. తాళ్లను పెద్దరాళ్లకు, బండి చక్రాలకు కట్టవలసి వచ్చింది. బస చేసిన చోట చదవవలసిన దుఆను మా ఇంటివారే అందరికీ చెప్పించారు. దానిని దైవప్రవక్త (స) నుండి విని మనకు అందించినవారు ఖౌలా బిన్తె హకీమ్ (రజి) అనే మహిళ. ఆ సంగతి ఆడపిల్లలకు తెలియవలసినదని ఆమె పట్టుదల.

నీళ్లు క్యాన్లలో తెచ్చుకున్నవే. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీస్ గ్రంథాలలో చదువుతాము. హనఫీ లెక్కలో అది సుమారు 800 మిల్లీలీటర్లు. ఇంట్లో కుళాయి తిప్పి వదిలేసే పిల్లలు ఆ సాయంత్రం సీసాతో కొలిచి వుజూ చేశారు. అందరికీ సరిపోయింది, ఇద్దరికి మిగిలింది కూడా.

ఆరు గంటలకు కాస్త ముందే సూర్యుడు అస్తమించాడు. ఒక విద్యార్థి సూర్యుడు దిగిన చోటునే ఖిబ్లాగా తీసుకొని చాప పరిచాడు. చాలామంది ఇలాగే చేస్తారు, కనుక వివరంగా చెబుతున్నాము. మన ప్రాంతం నుండి మక్కా దిశ సరిగ్గా పడమర కాదు. పడమరకు సుమారు 16 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. జనవరిలో సూర్యుడు పడమరకు 20 డిగ్రీలు దక్షిణంగా అస్తమిస్తాడు. అంటే అస్తమించిన బిందువునుండి కుడివైపుకు 36 డిగ్రీలకు పైగా తిరగాలి. చీకటి పడిన తరువాత ధ్రువనక్షత్రాన్ని చూపించాము. గండికోటలో అది ఉత్తరపు అంచునుండి 15 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, చాచిన చేతి పిడికిలికి ఒకటిన్నర రెట్లు. దానికి కుడిభుజం కాస్త వెనుకగా పెట్టి నిలబడటమెలాగో, దిక్సూచితో సరిచూసుకోవడమెలాగో పిల్లలు ఆటగా నేర్చుకున్నారు.

ఇషా జమాఅత్‌లో గుడారాలు అద్దెకిచ్చే స్థానిక ముస్లిం యువకుడొకడు వచ్చి చేరాడు. రెండు రకాతుల తరువాత సలామ్ చెప్పి, మేము ముసాఫిర్లము, మీ నమాజ్ పూర్తి చేసుకోండి అని ప్రకటించగా, అతడు లేచి మిగిలిన రెండు పూర్తి చేశాడు. భోజనాలయ్యాక టీ కాచుకున్న నిప్పును నీళ్లు పోసి ఆర్పివేశాము. నిద్రకు ముందు నిప్పు ఆర్పమన్నది ప్రవక్త (స) ఆదేశం.

అప్పుడు ఆ కుర్రవాడు పగటి రాయిని దుప్పటిలోనుండి తీసి మధ్యలో పెట్టాడు. "హజ్రత్, దీని వయసెంత?"

పులివెందుల సమీపంలో, ఈ పొరలకు పైనున్న తాడిపత్రి పొరల నడుమకు, ఒకనాడు కరిగిన శిల చొచ్చుకువచ్చి నల్లరాయిగా గడ్డకట్టింది. ఆ నల్లరాతి స్ఫటికాలలో యురేనియం కొలిచిన వేగంతో సీసంగా మారుతూ వస్తున్నది. ఎంత మారిందో లెక్కకడితే సుమారు 188 కోట్ల ఏళ్లు తేలింది. పైపొరలోకి చొచ్చిన రాయే అంతటిదయితే, కింది పొరలోని ఈ రాయి అంతకన్న పాతది కావాలి. గడియారం వంటిదే ఈ లెక్క. ముల్లు ఎంత వేగంగా నడుస్తుందో తెలిస్తే, ఎప్పుడు మొదలైందో చెప్పవచ్చు.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. గుడారం బట్ట గాలికి కొట్టుకుంటున్నది.

"మరి ఏడువేల ఏళ్ల మాట?"

ఆ మాట ఖుర్ఆన్‌లో లేదు. భూమి వయస్సు ఇంత అని ఖుర్ఆన్ ఎక్కడా సంఖ్య చెప్పలేదు. అల్లాహ్ వద్ద ఒక దినం మన లెక్కలో వేయేళ్లని హజ్ సూరాలో ఉంది, యాభైవేల ఏళ్ల దినం ప్రస్తావన మఆరిజ్ సూరాలో ఉంది. ఇమామ్ తబరీ (రహ్మ) తన చరిత్ర గ్రంథంలో లోకం మొత్తం కాలం ఏడువేల ఏళ్లన్న రివాయత్‌లను పేర్కొని చర్చించిన మాట వాస్తవమే. అయితే అది ఒక చరిత్రకారుని చర్చ, అఖీదా కాదు. అందులూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ (మరణం హిజ్రీ 456) తన 'అల్ ఫిసల్' గ్రంథంలో, లోకానికి నిర్ణీత సంవత్సర సంఖ్య ఏదీ ముస్లింలు చెప్పరని, ఏడువేలని గాని అంతకు ఎక్కువ తక్కువలని గాని చెప్పేవాడు ప్రవక్త (స) నుండి రుజువు కాని మాట చెబుతున్నాడని తేల్చివేశారు. దాదాపు వెయ్యేళ్లనాటి మాట ఇది. నీ మిత్రుడు ఎగతాళి చేసినది మన విశ్వాసాన్ని కాదు నాయనా, మన విశ్వాసమని తాను ఊహించుకున్న దానిని అని ఆ కుర్రవానికి చెప్పాము.

మా మిత్రుడైన ఉస్తాద్ ఇంతవరకు మౌనంగా విన్నారు. ఆయనకు ఈ సంభాషణ రుచించలేదు. "ఈనాడు రాళ్ల వయస్సు అంటారు, రేపు ఆదం (అలై) సంగతి అడుగుతారు. పునాది గట్టిపడని పిల్లలకు ఈ లెక్కలెందుకు మౌలానా?" అన్నారు. ఆ భయం తేలికగా తీసివేయదగినది కాదు. ఆదం (అలై) సృష్టి గురించి మనకు చెప్పినది వహీ. ఈ రాయి ఆ విషయమై ఔననలేదు, కాదననూ లేదు. అది చెప్పేది సముద్రం గురించి, కాలం గురించి. ఏ సాక్షి దేనిని చూశాడో దానికే సాక్ష్యం చెబుతాడన్నది మన న్యాయశాస్త్ర సూత్రమే కదా అన్నాము. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. అఖీదా పాఠం పూర్తయిన తరగతికే ఈ విషయాలు చెప్పాలని, చిన్న తరగతులకు వద్దని షరతు పెట్టారు. ఆ మాటలో పస ఉంది, అంగీకరించాము.

మరొక ధోరణి పట్ల మాత్రం ఆయనా మేమూ ఏకాభిప్రాయులమే. ఆరు దినాలను ఇన్ని కోట్ల ఏళ్లతో గుణించి, భాగించి, శాస్త్రజ్ఞుల అంకె ఖుర్ఆన్‌లోనే ఉందని చూపించే ఉపన్యాసాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. శాస్త్రజ్ఞులు రేపు తమ అంకెను సవరించుకుంటారు, అది వారి పద్ధతి. అప్పుడు ఆ ఉపన్యాసకులు ఆయత్‌ను సవరిస్తారా?

రాత్రి చలి బాగా వేసింది. ఆడవారి గుడారంలోనుండి నవ్వులు చాలాసేపు వినిపించాయి.

ఫజ్ర్ తరువాత లోయలోకి దిగాము. ఎత్తుకు ఎక్కేటప్పుడు తక్బీర్, పల్లానికి దిగేటప్పుడు తస్బీహ్ పలకడం సహాబాల ఆచారమని బుఖారీలో జాబిర్ (రజి) ఉల్లేఖనం. ఇక్కడ కొండ తలకిందులు గనుక ముందు సుబ్హానల్లాహ్, తరువాత అల్లాహు అక్బర్. బాట అనదగినది లేదు. ఇంటిగది అంతేసి బండలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. కూర్చొని, చేతులు ఆనించి, ఒక్కొక్క బండ దిగాలి. మా మోకాళ్లు ఆ విషయంలో తమ అభిప్రాయాన్ని స్పష్టంగా తెలియజేశాయి. సగం దూరంలో స్త్రీలు, చిన్నపిల్లలు ఒక వెడల్పాటి బండమీద ఆగిపోయారు, వారికి తోడుగా మా మిత్రుడు ఉండిపోయారు.

ఆ బండమీదనే ఒక విశేషం బయటపడింది. దానిపై సన్నని గట్లు వరుసగా, సమానదూరంలో ఉన్నాయి, చెరువు ఒడ్డున ఇసుకమీద నీటి అలలు గీసే గీతల్లాగా. అవి నిజంగా అలల గుర్తులే. ఈ ఎర్రని గండికోట రాయి ఒకప్పుడు సముద్రతీరపు ఇసుక. అల వచ్చి గీసి వెళ్లింది, దానిపై మరింత ఇసుక కమ్మింది, బరువుకు, కాలానికి బిగిసి రాయి అయింది. మా మిత్రుడు కుమార్తెతో కలిసి ఆ గట్లను వేలితో తాకుతూ లెక్కపెట్టడం పైనుండి చూశాము. రాత్రి వాదించిన మనిషే. ఎన్ని ఉన్నాయో తరువాత మాకు తానే చెప్పారు.

దిగువన నీరు నిశ్చలంగా ఉంది. రెండువైపులా ఎర్రని రాతిగోడలు నిలువుగా లేచి ఉన్నాయి, పొరలు పొరలుగా, మదరసా గ్రంథాలయంలో అడ్డంగా పేర్చిన కితాబుల్లాగా. నీటిలోకి దిగవద్దని, ఒడ్డున రాళ్లకు పాచి ఉందని హెచ్చరించి, విద్యార్థులకు అక్కడ అల్ బీరూనీ గురించి చెప్పాము. హిజ్రీ 440 ప్రాంతంలో మరణించిన ఆ మహాపండితుడు మన దేశంలో సంచరించి, నేలను తవ్విన చోట రాళ్లు కొండల దగ్గర పెద్దవిగా, దూరం పోయినకొద్దీ చిన్నవిగా, సముద్రం దరిదాపుల్లో ఇసుకగా ఉండటం గమనించారు. హిందూదేశపు ఈ మైదానం ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిందని తేల్చారు. మరొక గ్రంథంలో అరేబియా ఎడారి కూడా ఒకనాటి సముద్రమని, అక్కడి రాళ్లలో దొరికే గవ్వలు అందుకు నిదర్శనమని రాశారు. ఆయన సమకాలికుడు ఇబ్నె సీనా 'అష్షిఫా'లో, బంకమట్టి రాయిగా మారడం గురించి, నీరు దీర్ఘకాలం కోసి లోయలు చేయడం గురించి వివరించారు. ఈ గ్రంథాలు రాసినవారు మన గుంపువారే. వారు నమాజ్ చేసేవారు, రాయిని కూడా చదివేవారు.

ఎక్కడానికి రెట్టింపు సమయం పట్టింది. పైకి వచ్చేసరికి కోట ఊరిలో ఒక ఇంటి ముంగిట జొన్నరొట్టెలు కాలుతున్నాయి. శనక్కాయల ఊరుబిండితో ఆ రొట్టె తిన్న ఆకలి ఇంకెక్కడా ఎరుగము.

కోటను చూడటానికి గంటన్నర మిగిలింది. పెమ్మసాని నాయకుల కాలం కథలు, ధాన్యాగారం, రఘునాథాలయం, మాధవరాయాలయం ఇవన్నీ వివరంగా చెప్పే పుస్తకాలున్నాయి. మేము ఎక్కువసేపు నిలిచినది జామా మసీదు ముంగిట. గోల్కొండ కుతుబ్‌షాహీల సేనాని మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో ఈ కోటను గెలిచాడు. ఆ తరువాత 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికి వచ్చి ఆయనను కలిసి, ఆ వివరాలు తన యాత్రాగ్రంథంలో రాశాడు. మసీదు విశాలమైన ఆవరణ, రెండు మీనార్లు, చుట్టూ కమానుల వరుస ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. నేడది పురావస్తు కట్టడం, జమాఅత్ జరిగే మసీదు కాదు. మా వారిలో ఒకరిద్దరు లోపల రెండు రకాతులు చదువుదామన్నారు. నియమమున్న చోట నియమాన్ని గౌరవించడమే మన పద్ధతి, భూమి అంతా మనకు నమాజ్ స్థలమే కదా అని చెప్పి, గుడారాల వద్దకు వచ్చి జొహర్ అక్కడే చదివాము. ఒక విద్యార్థి మసీదు గోడరాతిని చేత్తో నిమిరి, "ఇక్కడా అలల గుర్తులున్నాయి హజ్రత్" అన్నాడు. కోట కట్టినవారికి ఆ కొండరాయే దొరికింది మరి.

తిరుగు ప్రయాణం ఎర్రగుంట్ల మీదుగా, మగ్రిబ్‌కు ఇల్లు చేరుకున్నాము. గొర్రెల పెద్దాయన ఇచ్చిన రాయి ఇప్పుడు మదరసా గ్రంథాలయంలో, తఫ్సీర్ పుస్తకాల బీరువా పక్కన కిటికీ గట్టుమీద ఉంది. మా మిత్రుని షరతు ప్రకారం చిన్న తరగతులవారికి దాని లెక్క చెప్పడం లేదు. వారు దానిని ఎర్రగడ్డ రాయి అని పిలుచుకుంటున్నారు.

కుటుంబాలతో వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. డిసెంబరు, జనవరి నెలలే అనుకూలం, వేసవిలో ఆ బండమీద పగలు నిలవలేరు. వేంపల్లె వైపు గుట్టలలో ఉదయం తొమ్మిదిలోపు గాని, అసర్ తరువాత గాని చూడండి, అప్పుడే గీతలు కనిపిస్తాయి. చేనిలో అడుగుపెట్టే ముందు రైతును అడగండి, సుత్తి తీసుకుపోవద్దు. లోయలోకి దిగేటప్పుడు చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి, పిల్లల చేయి వదలవద్దు. మనిషికి రోజుకు అయిదారు లీటర్ల నీరు చూసుకోండి. గుడారం మేకులు ఆ రాతిలో దిగవు, తాళ్లు మాత్రం ఎక్కువగా తీసుకువెళ్లండి.